మడిబట్ట ఎవరు ఉతికారు?

పోయిన ఏడాది నా చెల్లెలి కూతురు అమెరికా నుంచి తల్లిదండ్రులకు ఓడ ప్రయాణం టికెట్లు కొని పెట్టింది. ఏడు రాత్రుల ప్రయాణం. టికెట్లతో పాటు వచ్చిన కాగితాల్లో ఒక పేజీ అంతా బట్టల గురించే. పగలు ఎలా తిరిగినా అడిగేవాళ్లు లేరు. రెండు రాత్రులు మాత్రం పెద్ద భోజనశాలలోకి రావాలంటే మగవాళ్లు నల్లకోటూ బో టైయో, ముదురు రంగు సూటూ టైయో వేసుకోవాలి. ఆడవాళ్లు సాయంత్రపు గౌను వేసుకోవాలి. అది కాకపోతే 'మీ దేశపు సంప్రదాయ దుస్తులు' అయినా సరే. ఆ ఆఖరి ముక్క చదివి మా చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. "అక్కా, నాకు పట్టుచీర చాలట, ఆయనకే తిప్పలు" అంది. ఆయన కోదాడ వెళ్లి అరవై దాటాక మొదటిసారి సూటుకు కొలతలు ఇచ్చి వచ్చాడు. పంచె కూడా సంప్రదాయ దుస్తులే కదా అని నేనంటే భార్యాభర్తలిద్దరూ నవ్వారు. పంచె కట్టుకుని అంతమంది మధ్యన భోజనానికి కూర్చోవడం ఆయన ఊహకే అందలేదు. ఆమె చీర కాక మరొకటి కట్టుకోవడం కూడా ఇద్దరికీ అంతే ఊహకందని సంగతి.

చరిత్ర పాఠాలు చెప్పి బతికినదాన్ని కనుక ఆ కాగితం నన్ను ఒక పట్టాన వదల్లేదు. తిండికి కూర్చునే ముందు బట్ట మార్చుకోవాలనే నియమం ఎక్కణ్నించి వచ్చింది, ఎవరికోసం వచ్చింది అని చూడబోతే దారి ఓడల్లోంచి తిరిగి తిరిగి మా మునగాలకే వచ్చింది.

ముందు ఓడల సంగతి. రాత్రి భోజనానికి ప్రత్యేకంగా తయారవడం ఇంగ్లీషు పెద్దిళ్ల అలవాటు. ఆవిరి ఓడలు వచ్చాక ఆ ఇళ్లవాళ్లు సముద్రం మీదికి తమ భోజనశాలను కూడా పట్టుకెళ్లారు. లండన్ నుంచి బొంబాయికి వచ్చే ఓడలైనా, అట్లాంటిక్ దాటే ఓడలైనా మొదటి తరగతి భోజనశాలలో ఈ నియమం ఉండేది. అందులో ఒక మినహాయింపు నాకు చాలా అర్థవంతంగా కనిపించింది. ఓడ బయలుదేరిన రాత్రీ, దిగబోయే ముందు రాత్రీ మామూలు బట్టల్లోనే భోజనానికి రావచ్చు. ఎందుకంటే మొదటిరోజుకి పెట్టెలు విప్పడం కాదు, ఆఖరిరోజుకి సర్దేసి ఉంటాయి. పెట్టెలు విప్పేదీ సర్దేదీ యజమానురాలు కాదు, వెంట వచ్చిన దాసి. అంటే బట్టల నియమం రాసినవాళ్లు ఆ బట్టల వెనక ఒక పనిమనిషి ఉంటుందని ముందే లెక్క వేసుకున్నారు. ఆమెకు ఆ నియమం లేదు. ఆ బల్ల దగ్గర ఆమెకు కుర్చీ కూడా లేదు.

డెక్కు మీద ప్రయాణించేవాళ్లకు ఏ నియమమూ లేదు. 1860లో మద్రాసు నుంచి ఒప్పందపు కూలీలతో బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్‌కు వేలకు వేలు డెక్కు మీదే వెళ్లారు. తమ మూటల పక్కన, పరుచుకున్న చాప మీద తిన్నారు. 'ఏం కట్టుకుని తినాలి' అని వాళ్లనెవరూ అడగలేదు. అడగకపోవడం స్వేచ్ఛ కాదని వేరే చెప్పక్కర్లేదు.

1888లో లండన్ వెళ్తున్న పద్దెనిమిదేళ్ల గాంధీ ఓడలో భోజనశాలకు వెళ్లడానికి భయపడి, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్లూ గదిలోనే తిన్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఓడలో నల్ల సూటు వేసుకుని, ఇంగ్లండులో దిగే రోజుకోసం తెల్ల ఫ్లానెల్ బట్టలు దాచుకున్నాడట. తీరా దిగేసరికి సెప్టెంబరు నెలాఖరు. ఆ ఒడ్డున తెల్లబట్టల్లో ఉన్నది తనొక్కడే. ఆ సిగ్గు ఆయన్ని చాలాకాలం వదల్లేదు. ఈ ఓడ ప్రయాణాల్లో మరొకటి, 1931 నాటిది, కాసేపాగి చెబుతాను. దానికీ మా తెలంగాణకూ సంబంధం ఉంది.

ఇప్పుడు మునగాల. సూర్యాపేటకూ కోదాడకూ నడుమ హైదరాబాదు-విజయవాడ రహదారి మీద ఉన్న మా ఊరు నిజాం రాజ్యం మధ్యలో ఇంగ్లీషువాళ్ల దీవి. చుట్టూ నైజాం, లోపల మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా. నలువైపులా ఒక రాజ్యం, కాలికింద ఇంకో రాజ్యం. జమీందారీ 1948 చట్టంతో పోయింది. రాష్ట్రాలు కలిశాక మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. మా మాటలో ఇప్పటికీ రెండువైపుల యాసలూ కలిసే ఉంటాయి.

మాది చాకలి కులం. ఇది నేను సందర్భం లేకుండా చెప్పే మాట కాదు. ఈ వ్యాసంలో మిగతాదంతా చాకిరేవు వైపు నుంచి చూస్తేనే కనిపిస్తుంది.

మన తెలుగుదేశంలో ఓడ కంపెనీలు పుట్టకముందు నుంచీ భోజనానికి కచ్చితమైన బట్టల నియమం ఉంది. దాని పేరు మడి. బ్రాహ్మణ ఇళ్లలో, ఆ ఆచారం పట్టిన మరికొన్ని ఇళ్లలో, పొద్దుటి నుంచి కట్టుకున్న బట్టతో పంక్తిలో కూర్చోవడానికి వీల్లేదు. మగవాళ్లు స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని, పైన ఉత్తరీయం తప్ప ఏమీ లేకుండా విస్తరి ముందు కూర్చోవాలి. వండి వడ్డించే ఆడవాళ్లు ఇంట్లో ఉతికి, ఎవరూ తాకకుండా ఎత్తున దండెం మీద ఆరేసి, కర్రతో తీసుకున్న చీర కట్టుకోవాలి. ఆరకపోతే తడిచీరతోనే వంట.

ఈ నియమంలోని లెక్కలు చాలా సూక్ష్మం. నూలుబట్ట ఒక్కపూటకే మడి, మళ్లీ తడపాలి. పట్టుకు అంత తొందరగా మైల అంటదు, చాలాసార్లు కట్టవచ్చు. అంటే పట్టు కొనగలిగిన ఇంట్లో ఆడమనిషి పొడిబట్టతో మడి కట్టుకుంటుంది, కొనలేని ఇంట్లో పేద వంటామె మాఘమాసపు చలిలో తడి నూలుచీరతో పొయ్యి ముందు కూర్చుంటుంది. శాస్త్రం ఇద్దరికీ ఒకటే. జబ్బు మాత్రం ఒకరికే. ఇంకొక లెక్క చూడండి. బట్టలేని పసిపిల్ల పరిగెత్తుకొచ్చి మడిగట్టుకున్న తల్లిని పట్టుకుంటే మడి చెడదు. గౌను తొడిగిన పిల్ల ముట్టుకుంటే చెడుతుంది. కాబట్టి మైల ఉన్నది పిల్ల ఒంటిలో కాదు, గౌనులో. గౌనులో ఏముంది? దాన్ని కుట్టిన దర్జీ చెయ్యి, ఉతికిన చాకలి చెయ్యి.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా నాయనమ్మ గుర్తుకు రాక తప్పదు. ఆమె ఊళ్లో పెద్దిళ్ల దొడ్డివాకిట్లో నిలబడి బట్టల మూట అందుకునేది. ముట్టుబట్టలు, పురిటిబట్టలు, చావింటి బట్టలు అన్నీ ఆమెకే. ఆమె చౌడుమన్నులో నానబెట్టి, బానలో ఉడకబెట్టి, బండకేసి ఉతికి తెస్తే తప్ప ఆ ఇంటికి మైల పోదు. పురుడు తీరాలన్నా, అంటు తీరాలన్నా చాకలి బట్ట రావలసిందే. కానీ ఆమె ఉతికి తెచ్చిన ఆ తెల్లటి బట్ట కట్టుకుని విస్తరి ముందు కూర్చోకూడదు. దాన్ని మళ్లీ ఇంట్లోవాళ్లు నీళ్లలో జాడించి ఆరేయాలి. మైలను తీసేది ఆమె, మైల అంటించేదీ ఆమె. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడానికి ఏ పండితుడికీ నాలుక తడబడలేదు. ఈ రెట్టింపు చాకిరీ మళ్లీ ఆ ఇంటి కోడళ్ల మీదే పడేది, అది కూడా చెప్పుకోవాలి. రేవులో మా నాయనమ్మ ఉతికినదాన్ని నూతి దగ్గర ఇంకొక ఆడది రెండోసారి ఉతికేది. మడిబట్ట ఎవరు ఉతికారు అంటే ఇద్దరూ ఉతికారు. కట్టుకుని తిన్నది మూడోమనిషి.

సాయంత్రం ఆమె గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చేది. పై నుంచి వేసేవాళ్లు, గంప తగలకుండా. పది ఇళ్ల కూరలు కలిసిన ఆ అన్నంలోనే మా నాన్న పెరిగాడు. ఏడాదికోసారి కళ్లాల దగ్గర గింజలు మేరగా కొలిచేవాళ్లు. పెళ్లిళ్లలో మావాళ్లు దివిటీ పట్టాలి, దేవుడి ముందూ పెళ్లివాళ్ల ముందూ నడిచే దారిలో బట్టలు పరచాలి. ఆ పరిచే చీరలు ఎవరివో ఊళ్లో అందరికీ తెలిసేది. మావాళ్ల ఒంటిమీది చీర ఎవరిదో కూడా తెలిసేది. చాకలామె మంచి చీర కట్టుకుని నలుగురిలోకి వస్తే మొదట వినపడే మాట "ఎవరిదే ఆ చీర?" అనే. కొంతకాలం అది నిజం కూడా. ఊళ్లోని ప్రతి మంచి చీరా ఒక్కరోజన్నా మా కులపు ఆడవాళ్ల ఒంటిని చూసే తిరిగి వెళ్లిందని మా పెద్దవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు నాకు చాలా ఇష్టం.

రవిక సంగతి ఇంకా విచిత్రం. కుట్టిన బట్ట మడికి పనికిరాదు కనుక ఆచారం పట్టిన ముసలి బ్రాహ్మణ స్త్రీలు మడిలో రవిక తొడిగేవాళ్లు కాదు. తల గొరిగించి, తెల్ల పంచో ముతక చీరో ఇచ్చి కూర్చోబెట్టిన వితంతువుకు రవిక జన్మంతా లేదు. ఎప్పుడూ మడిలోనే ఉంటుంది కనుక ఆమె వంట అందరికంటే పవిత్రం. పెళ్లి పంక్తిలోకి మాత్రం ఆమె రాకూడదు. ఇటు చూస్తే దొరల గడీల ముందు నడిచే కింది కులాల ఆడవాళ్లకు రవిక తొడగడం, చెప్పులు వేసుకోవడం పొగరుకింద లెక్క. మగవాళ్లు భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకోవాలి. ఆ ముసలి బ్రాహ్మణ వితంతువు భుజమూ, మాదిగ కూలీ భుజమూ ఒకేలా బోసిగా ఉన్నాయి. ఒకటి పవిత్రత, ఒకటి అణకువ అన్నారు. రెండూ వాళ్లు ఎంచుకున్నవి కావు. స్త్రీవాదులం కులం గురించీ, దళిత, బహుజన రచయిత్రులం వైధవ్యం గురించీ విడివిడిగా చాలా రాసుకున్నాం. ఈ రెండు భుజాలనూ పక్కపక్కన పెట్టి చూసింది తక్కువేమో అనిపిస్తుంది.

పంక్తి ఎంత గట్టి కోటో సంస్కర్తలకు బాగా తెలుసు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ పెళ్లిని సమర్థించి ఉపన్యాసాలు విన్నవాళ్లు చాలామందే. అక్కడి విందులో విస్తరి ముందు కూర్చోవలసి వచ్చేసరికి వెలి భయంతో చాలామంది జారుకున్నారు. అభిప్రాయం మార్చుకోవడం కంటే ఆకు మార్చుకోవడం కష్టమైన దేశం ఇది.

మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు పేరు తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు గౌరవంగానే తెలుసు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం పెట్టినవాళ్లలో ఆయనొకడు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి వెనక ఇద్దరూ ఉన్నారు. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ. 1902లో 'ధనత్రయోదశి' కథ రాసినామె, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చినామె, ఊరూరా స్త్రీ సమాజాలు పెట్టించి ముప్పై ఏళ్లకే 1905లో పోయినామె. మనందరికీ ముత్తవ్వ లాంటిది. మా పరగణాతో ఆమెకున్న ఈ తమ్ముడి చుట్టరికం నాకు ఎప్పుడూ గర్వమే. ఆమె పుస్తకంలో రాణులున్నారు, విదుషీమణులున్నారు. చాకిరేవు లేదు. 1900 నాటికి అలాంటిదొకటి రాయవచ్చని ఎవరికీ తట్టలేదు. తట్టని సంగతికి ఆమెను తప్పుపట్టలేను.

బట్ట గురించే మాట్లాడుతున్నాం కనుక మరొకరు. జాతీయ పతాకం రూపకర్త పింగళి వెంకయ్య ఈ జమీందారు ఆశ్రయంలో నడిగూడెంలో ఉండి పత్తి సాగు మీద ప్రయోగాలు చేశాడు. పత్తి వెంకయ్య అనే పేరు అందుకే వచ్చింది. జెండాల మీద ఆయన పుస్తకం 1916లో వచ్చింది, 1921లో బెజవాడ కాంగ్రెసు సభల్లో గాంధీకి నమూనా ఇచ్చాడు. నడిగూడెం కోటను చూపించి జెండా పుట్టింది ఇక్కడే అని మావాళ్లు చెప్పుకుంటారు.

పత్తి, జెండా, గ్రంథాలయం, భాష. వీటన్నిటి కింద అదే పరగణాలో వెట్టి నడిచింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కులాలవాళ్లు కోటకు ఊరికే చాకిరీ చేయాలి, రైతులు లేనిపోని వసూళ్లు కట్టాలి. 1930లలో నండూరి ప్రసాదరావు నాయకత్వాన మునగాల రైతులు ఈ జమీందారు మీదే తిరగబడ్డారు, సత్యాగ్రహాలు చేశారు, జైళ్లకు పోయారు. తెలుగు మాట్లాడితే నవ్వే కాలంలో తెలుగుకు గూడు కట్టిన మనిషి ఇంటి గుడ్డలు ఊరికే ఉతికించుకున్నాడంటే కొందరికి కష్టంగా ఉంటుంది. నాకు రెండూ నిజాలే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలు అల్లంపల్లి వెంకటరామారావును గేలిచేస్తే ఆంధ్రజనసంఘం పుట్టిందని మనం పాఠాల్లో చెప్పుకుంటాం. ఆ సభలో కూర్చోవడానికి తగిన బట్ట లేనివాళ్ల కోసం ఏ సంఘమూ ఆ రోజు పుట్టలేదు.

ఇప్పుడు ఇందాక ఆపిన 1931 ఓడ.

ఆ ఏడాది నవంబరు 5న బకింగ్‌హాం ప్యాలెస్‌లో రాజుగారి తేనీటి విందుకు గాంధీ కొల్లాయితో, శాలువాతో వెళ్లాడు. ఆ బట్టలతో రానిస్తారా లేదా అని ముందు నుంచీ చర్చ. పత్రికలకు అదే పండగ. అదే విందుకు ఆయన వెంట మన హైదరాబాదు సరోజినీ నాయుడు చీరలో వెళ్లింది. చీర గురించి చర్చ లేదు. ఇది మంచికే అనుకోవచ్చు. కానీ మగవాడి దేశీయ దుస్తులు ఒక ధిక్కారంగా, ఆడదాని దేశీయ దుస్తులు ఒక అలంకారంగా కనిపించాయన్నమాట. బయటి ప్రపంచానికి మగవాడు కోటు తొడుక్కోవాలి, లోపలి సంస్కృతిని ఆడది చీరగా కట్టుకుని కాపాడాలి అనే జాతీయవాదపు పనుల పంపకాన్ని పార్థా చటర్జీ వివరించి చాలా ఏళ్లయింది. కోదాడ దర్జీ దగ్గర మా మరిది ఇచ్చిన కొలతల్లో అది నాకు కళ్లారా కనిపించింది.

వారం తర్వాత, నవంబరు 12న, ఫ్రాన్సులోని నైస్‌లో నిజాం కొడుకులిద్దరికీ పెళ్లిళ్లు జరిగాయి. చివరి ఖలీఫా కూతురు దుర్రుషెవార్‌కు పదిహేడేళ్లు. అదే వంశపు నిలోఫర్‌కు పదిహేనేళ్లు. డిసెంబరులో ఇద్దరూ వెనిస్‌లో పిల్స్నా అనే ఓడ ఎక్కారు. అదే ఓడను గాంధీ 14న బ్రిండిసిలో ఎక్కాడు. డిసెంబరు 28న బొంబాయిలో దిగాడు. ఆ ప్రయాణంలో గాంధీ వాళ్లను పలకరించాడంటారు. ఓడలో ఉన్న ఆ రోజుల్లోనే ఆ ఇద్దరు టర్కీ పిల్లలకు చీర కట్టడమూ, మామగారి ముందు ఎలా మెలగాలన్నదీ నేర్పించారని చెబుతారు.

సూటు విప్పేసి కొల్లాయి కట్టిన మనిషీ, గౌను వదిలి చీర కట్టడం నేర్చుకుంటున్న ఇద్దరు చిన్నపిల్లలూ ఒకే ఓడలో. మొదటివాడు తన బట్ట తాను ఎంచుకుని లోకాన్ని దానికి అలవాటు చేశాడు. రెండోవాళ్లకు ఎవరో ఎంచారు. అయితే కథ అక్కడ ఆగలేదు, అది చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టే. దుర్రుషెవార్, నిలోఫర్‌లు ఆ చీరలతోనే పరదా దాటి హైదరాబాదు విందుల్లో, సభల్లో కనిపించారు. ఇప్పుడు వాళ్ల పేర్లు మనకు ఆసుపత్రుల పేర్లుగా ఎక్కువ తెలుసు.

నిజాం కొలువులో మగవాళ్ల నియమం మరీ కఠినం. తలకు దస్తారు, షేర్వాణీ మీద నడుముకు బగ్లూస్ పట్టీ లేకుండా ప్రభువు ఎదుటికి రాకూడదు. ఫలక్‌నుమాలో ఒకేసారి 101 మంది కూర్చునే భోజనబల్ల ఉంది. ఇప్పుడది హోటలు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం కట్టించిన పొడవాటి చెక్క గది ఉంది. రెండంతస్తుల బీరువాలు, ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి చిన్నగా కనిపిస్తాడు. వేసుకున్న బట్ట మళ్లీ వేసుకోడని ఆయన గురించి కథలు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఎన్ని జతలు ఉండేవో అని అడుగుతారు. నేను అక్కడ నిలబడి ఇస్త్రీ ఎక్కడ చేసేవాళ్లో అని చూశాను. అలవాటు.

పది పన్నెండేళ్లు తిరిగేసరికి చుట్టూ ఉన్న నల్లగొండ అంటుకుంది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు మాకు పక్కనే. ఆ సందర్భంగా జరిగిన మహిళాసభకు రంగమ్మ ఓబుళరెడ్డి అధ్యక్షురాలు. వెట్టి మీద, దొరతనం మీద మొదలైన ఆ కదలిక సాయుధపోరాటం అయింది. పాలకుర్తిలో దొర మనుషులను ఎదిరించి పంట ఇంటికి చేర్చుకున్న ఐలమ్మ మా కులపు మనిషి. ఇంటిపేరు చిట్యాల. లోకం మాత్రం ఆమెను కులం పేరుతోనే చాకలి ఐలమ్మ అంది. కరివిరాల కొత్తగూడెం దొరల ఇంట్లో పుట్టిన మల్లు స్వరాజ్యం తుపాకి పట్టింది. దళాల్లో తిరిగినవాళ్లు అడవిలో ఒక్కచోట వండుకుని, పక్కపక్కన కూర్చుని తిన్నారు. మడి లేదు, మైల లేదు. ఆడవాళ్లలో కొందరు మగవాళ్ల లాగూ చొక్కా తొడిగారు. ఆ కొద్ది ఏళ్లపాటు తెలంగాణ అడవుల్లో తినడానికి ఒక్క నియమమే ఉండేది. తిండి ఉండాలి.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ స్త్రీల మాటలున్నాయి. అది చదవని చరిత్ర విద్యార్థిని నేనింకా చూడలేదు, చూడకూడదనే నా కోరిక. పోరాటం ఆగాక వాళ్లలో చాలామందిని ఇళ్లకు, వంటిళ్లకు, చీరలకు తిరిగి వెళ్లమన్నారు. లాగూ చొక్కాలు ఏమయ్యాయో ఎవరూ రాయలేదు.

ఇదంతా పాతకాలపు సంగతి అనుకుంటే ఈ మధ్యవి రెండు. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకు ఒక సభ్యుడి ఆహ్వానం మీద భోజనానికి వచ్చిన మేఘాలయ స్త్రీని లేచి వెళ్లమన్నారు. ఆమె తమ ఖాసీ జాతి సంప్రదాయ దుస్తులు జైన్‌సెమ్‌లో ఉంది. పిల్లల్ని చూసుకునే ఉద్యోగం ఆమెది. నేపాలీలా ఉందని, పనిమనిషిలా ఉందని కారణం చెప్పారు. 2021 సెప్టెంబరులో అదే ఢిల్లీలో ఒక రెస్టారెంటులో చీర తమ నియమాలకు సరిపోదన్నారని పెద్ద గొడవైంది. ఓడ కంపెనీ కాగితంలోని 'మీ దేశపు సంప్రదాయ దుస్తులు' అనే మాటను ఈ రెంటి పక్కన పెట్టి చూడండి. ఆ మాట జైన్‌సెమ్‌కు వర్తిస్తుంది. కాని తలుపు దగ్గర నిలబడ్డవాడు చూసేది బట్టను కాదు, ఆ బట్ట లోపలి మనిషి ఎవరింట్లో ఏం పని చేస్తుందన్నది. మా చెల్లెలి కంచిపట్టు దాటిపోతుంది. నూలుచీర అయితే? మా నాయనమ్మ కట్టినట్టు మోకాలి పైకి ఎగగట్టి గోచీ పోసిన చీర అయితే? అదీ సంప్రదాయమే, పట్టుచీర కుచ్చిళ్ల కంటే బహుశా పాతది.

ఓడల్లో ఈ నియమాలు సడలుతున్నాయి. నార్వేజియన్ కంపెనీ 2000లోనే ఎవరిష్టం వచ్చిన బట్టలతో వాళ్లు, ఇష్టమైన వేళకు తినవచ్చంది. కునార్డ్ లాంటి పాత కంపెనీలు గాలా రాత్రులను ఇంకా నిలుపుకుంటున్నాయి, ఆ ముచ్చట కోసమే టికెట్టు కొనేవాళ్లున్నారు. వేల మంది దుప్పట్లూ, బల్ల గుడ్డలూ, వడ్డించేవాళ్ల యూనిఫారాలూ ఉతికే చాకిరేవు ఓడ కింది అంతస్తుల్లో రాత్రింబవళ్లు నడుస్తుంది. కిటికీలు ఉండవు. అక్కడ పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశపు పిల్లలు చాలామంది.

మా మునగాలలో ఇప్పుడు రేవు లేదు. చెరువు దగ్గర బండలున్నాయి. వాషింగ్ మిషన్లు వచ్చాయి, మావాళ్లు ఇస్త్రీ బండ్లు పెట్టుకున్నారు, కొందరు నాలాగా చదువుకుని జీతాల్లో పడ్డారు. మడి కట్టే ఇళ్లు ఒకటో రెండో. విందులు మాత్రం రహదారి పక్కన ఫంక్షన్ హాళ్లలోకి వచ్చేశాయి. పెళ్లి పత్రిక మీద బట్టల నియమం ఉండదు, ఏ కులంవాళ్లయినా పళ్లెం పట్టుకుని ఒకే వరసలో నిలబడతారు. అది చిన్న మార్పు కాదు. మా నాయనమ్మ చూసి ఉంటే నమ్మేది కాదు.

ఆ హాళ్లలో బట్టల నియమం ఉన్నది ఒకళ్లకే. క్యాటరింగువాళ్లు తీసుకొచ్చే ఆడపిల్లలకు. కోదాడ, సూర్యాపేట వైపుల నుంచి ఆటోల్లో వస్తారు. కొందరు డిగ్రీ చదువుతున్నవాళ్లే. అందరికీ ఒకే రంగు చీర, ఒకే అంచు, తలలో ఒకే కొలత పూలు, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు. ఆ చీర వాళ్లది కాదు, రాత్రికి తిరిగి ఇచ్చేయాలి. పోయిన మాఘంలో ఒక పెళ్లిలో వడ్డించే పిల్లను నువ్వు తిన్నావా అని అడిగాను. "అందరిదీ అయినాక, చీర మార్చుకుని తింటామండి. మరక పడితే కూలిలో పట్టుకుంటారు" అంది.